నిదానానికో ఇంగ్లీషు మాట

పుంగనూరులో ఇంగ్లీషు ముక్క ఎవరికి కావలసినా మునిచంద్ర సారు దగ్గరికే వెళ్తారు. ఇంగ్లీషు టీచరుగా రిటైరై ఆరేళ్లయినా ఆయన చొక్కా జేబులో ఎర్రపెన్ను ఉండాల్సిందే. మాట తోచకపోతే దాని మూత కొరుకుతాడు. పార్వతమ్మ తన పొట్టి ఆవును ఫోన్లో అమ్మకానికి పెట్టాలని వచ్చి, "అది నిదానంగా నడుస్తాది సారూ, ఆ సంగతి దాచొద్దు" అంది. సారు 'స్లోలీ' అని రాసి కొట్టేశాడు, జబ్బు ఆవనుకుంటారని. 'లేజిలీ' అంటే సోమరిదనుకుంటారు. మూడు రోజులు మూత కొరికి, వయ్యారంగా అనే అర్థం వచ్చే 'గ్రేస్‌ఫుల్లీ' దగ్గర ఆగాడు.

ఫోన్లో ఆ మాట చదివి ముచ్చటపడి, కుప్పం నుంచి వెళ్లి బెంగళూరులో ఇల్లు కట్టుకున్న ఒకాయన, ఆవు నడక చూపించమని వీడియో కాల్ చేశాడు. పార్వతమ్మ ఫోను పట్టుకుంది, సారు పలుపు పట్టుకున్నాడు. ఆవు ముందు నడిచింది. పలుపు బిగుసుకుపోతుంటే సారు వెనకాల అడుగులో అడుగు వేశాడు.

"ఆవు బాగానే నడుస్తాందమ్మా," అన్నాడు ఫోన్లో ఆయన. "ఎనకాల వచ్చే పెద్దాయనకే ఒంట్లో బాగలేనట్టుండాదే!"

సారు నొచ్చుకోలేదు, అడుగూ పెంచలేదు. "చెప్పమ్మా," అన్నాడు, "నాది కూడా గ్రేస్‌ఫుల్లీనే!"