అంబలి బల్ల

మా మావ పోయాడు. పొద్దున్నే కొట్టు తెరిచి, ముంతలు కడుగుతూ గుండె పట్టుకుని అలాగే కూలబడిపోయాడట. సంతాపసభలో మైకు పట్టుకుని ఆయన్ని పొగిడినవాళ్లలో సగంమంది ఆయన బల్ల మీద కూర్చోడానికి నామోషీ పడ్డవాళ్లే. ఆ ఒళ్లుమంటతోనే ఇది రాస్తున్నాను.

రాజాం వెళ్లే రోడ్డు పక్కన ఆయన అంబలి కొట్టు మీలో చాలామందికి తెలుసు. చోడంబలి, అదే రాగంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఓ ఎండుచేప ముక్క. కూర్చోడానికి పొడుగ్గా ఒకటే బల్ల. ఎవరైనా వరసలో నిలబడాలి, ఖాళీ అయిన చోట కూర్చోవాలి. పక్కనున్నవాడు ఏ వీధివాడని అడగకూడదు.

ఆ పద్ధతి జపానులో నేర్చాడు. ఓడల్లో ఫిట్టరుగా చేసే రోజుల్లో, ఓడ మరమ్మతుకి అక్కడ ఆగితే, సెలవు దొరికి ఓడవాళ్లంతా ఒక పల్లెకు వెళ్లారట. చుట్టూ వరిచేలు, మధ్యన ఒక ముసలమ్మ రామెన్ కొట్టు. వేడివేడి పులుసులో సేమియాలాంటి పొడుగు పోగులు. దానికోసం ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి వరస కట్టారట.

"మా కెప్టెన్ నా ఎనకాల నిల్సున్నాడ్రా! ఓడలోన నన్ను కన్నెత్తి సూడనోడు. లోపల ఒకటే సెక్కబల్ల, పక్కపక్కనే కూకున్నాం. నేను గిన్ని ఎత్తి అంబలిలాగ జుర్రుమన్నాను. మనూరోడే ఒకడు తొడ గిల్లీసి, 'ఒరే, సప్పుడు సెయ్యకు, పరువు పోతాది' అన్నాడు. సూద్దుము కదా, అందరూ జుర్రుతన్నారు! ముసల్ది నన్ను సూసి ఎంత నవ్విందనీ!"

ఎన్నిసార్లు చెప్పినా ఆ జుర్రు దగ్గర బల్లంతా నవ్వేది.

నేను కరపత్రాలు చదివి సమానత్వం మీద గొంతు చించుకుంటుంటే, "అరిస్తే ఎవుడు కూకుంటాడ్రా? ముందు తిండెట్టు," అనేవాడు. ఒకసారి రైసుమిల్లు యజమాని కారులోనే కూర్చుని ముంత పంపమన్నాడు. మావ చేతులు తుడుచుకుంటూ వెళ్లి, "బల్ల కార్లోకి రాదు బాబూ. తవరే రావాల," అన్నాడు. కారు వెళ్లిపోయింది. నాకు ఆ రోజు పండగే. మావ మాత్రం అది పోయినవైపే చూస్తూ, "ఆకలేసొచ్చినోడ్రా," అని నొచ్చుకున్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్త కొట్టు తెరిచింది. బల్ల నిండింది. రోజూ రద్దీ తగ్గాక మావ వచ్చి కూర్చునే చివరి చోటు మాత్రం అందరూ వదిలేశారు. అంతలో ఆ రైసుమిల్లు యజమాని కారే మళ్లీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, "అయ్యగారికి ఒక ముంత," అన్నాడు.

అత్త ముంత నింపి రోడ్డు వైపు నడిచింది. మావతోపాటు బల్లా పోయిందనుకున్నాను. అత్త సగం దారిలో ఆగింది. వెనక్కొచ్చి ముంతను ఆ ఖాళీ చోటున పెట్టింది.

"జాగా ఉన్నాది. రమ్మను."

కారు తలుపు తెరుచుకోలేదు. మేమంతా తలలు వంచుకుని తాగుతున్నాం. ఎవరి దగ్గరా చప్పుడు లేదు.

"ఏటిది, దొంగల్లాగ తాగుతన్నారు?" అంది అత్త. "సప్పుడు సెయ్యండి. ఆయనకి యినపడాల."

ముంత ఎత్తాను. నా గొంతులోంచి వచ్చిన చప్పుడు అంబలిది కాదు. పక్కనుంచి ఎవరో జుర్రుమన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. ఆ చప్పుడు బల్ల పొడుగునా నడుచుకుంటూ వెళ్లి, ఎవరూ ముట్టని ఆ ముంత దగ్గర ఆగిపోయింది.