బూట్లు విప్పని రోజు

నా ఉద్యోగంలో సగం, ఊరూరా తిరిగి జనాన్ని చెప్పులు బయట విడవమని కసురుకోవడమే. పుంగనూరులో పట్టుపురుగుల చాకీ కేంద్రం ఒకటుంది. గుడ్డు నుంచి బయటపడిన పురుగుల్ని రెండు జ్వరాలు దాటేదాకా అక్కడ పెంచి రైతులకు ఇస్తారు. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు మేత మానేసి పొర విడిచే దశను మావైపు అలా అంటారు. ఇచ్చిన పురుగులు రైతు షెడ్డులో ఎలా ఎదుగుతున్నాయో చూసి సలహా చెప్పడం నా పని. కాపురం మదనపల్లెలో. రోజూ పుంగనూరు, వారానికి రెండు మూడుసార్లు కుప్పం వైపు, అంతా బైకు మీదే తిరుగుడు.

పట్టుపురుగుకు రోగం వస్తే అది మన చేతులకీ కాళ్లకీ అంటుకుని పక్క షెడ్డుకు చేరుతుంది. అందుకే ప్రతి షెడ్డు వాకిట్లో బ్లీచింగు నీళ్లలో తడిపిన గోనెపట్ట వేయిస్తాం. చెప్పులు విడిచి, కాళ్లు దానిమీద అద్ది, చేతులు కడుక్కుని లోపలికి పోవాలి. ఈ మాట చెప్పీ చెప్పీ నాకు నోరు పెరిగింది. ఒకచోట పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దాయన చెప్పులతో షెడ్డు గడప దాటబోతే, ఆయన వయసు కూడా చూడకుండా నలుగురి ముందూ అరిచాను. ఆ తర్వాత నన్ను చూడగానే రైతులు ముందు తమ కాళ్లవైపు చూసుకునేవాళ్లు. అది నాకు గొప్పగా ఉండేది.

అన్నేళ్లూ నేను బండి నడిపింది రబ్బరు చెప్పులతోనే. రోజుకు ఎనిమిది షెడ్లు ఎక్కి దిగేవాడికి అంతకంటే సుఖం లేదు. రెండేళ్ల కిందట, వానాకాలంలో, మదనపల్లె మార్కెట్ యార్డు దాటగానే లారీలోంచి జారిపడి నలిగిన టమోటాల మీద ముందుచక్రం జారింది. బండి పక్కకు పడి నా ఎడమకాలు దానికింద ఇరుక్కుంది. చెప్పు ఎటు ఎగిరిపోయిందో ఇప్పటికీ తెలియదు. బొటనవేలి గోరు ఊడింది, చీలమండ వాపు నెలన్నర దాకా తగ్గలేదు. కట్టు కట్టిన డాక్టరు చెప్పుల్నే ఎక్కువ తిట్టాడు. బూట్లు కొనేదాకా బండి తాళం ఇచ్చేది లేదని నా భార్య భీష్మించుకుని కూర్చుంది.

మదనపల్లెలో ఒక భాయ్ అంగడికి వెళ్లాను. తోలు బూట్లు కుట్టడం, అమ్మడం రెండూ ఆయనే. నా కాలు చూసి సంగతి కనిపెట్టాడు. ఒక బూటు తీసి అడుగును రెండుగా వంచాడు. "సూడు, బంకతో అతికించిందైతే ఈడ విడిపోతాది. కుట్టుండేదే మనకు కావల్ల" అన్నాడు. మడమా, వేళ్ల ముందుభాగమూ బొటనవేలితో నొక్కమన్నాడు; నొక్కుకు లోపలికి పోతే పడినప్పుడు కాలును కాపాడదట. చీలమండ పైదాకా రావాలి, గేరు తగిలే చోట ఇంకో తోలు పొర ఉండాలి, అడుగున జారకుండా పట్టే గాళ్లు లోతుగా ఉండాలి. చివరికి పక్కన జిప్పు ఉన్న ఒక మట్టిరంగు జత ముందుపెట్టాడు. "దినానికి ఎన్ని తూర్లు ఇప్పాల్సొస్తాది భాయ్?" అని అడిగాడు.

అప్పటికే నా కళ్లు గూట్లో ఉన్న నల్ల బూట్ల మీద పడ్డాయి. పొడుగ్గా, పోలీసులు వేసుకునే మాదిరి, పైదాకా లేసులతో ఉన్నాయి. వేసుకుని అద్దంలో చూసుకుంటే రబ్బరు చెప్పుల మనిషి మాయమై ఎవరో ఆఫీసరు నిలబడి ఉన్నాడు. "పొద్దున వేసుకుంటే మళ్లీ సాయంత్రమే" అన్నాను. అబద్ధం. అంత చిన్న అబద్ధం చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆ మనిషి నా మాట నమ్మి, లేసు కొసలు బండి చైనులో పడకుండా లోపలికి దోపుకోవడం నేర్పి పంపాడు.

బూట్ల తప్పేమీ లేదు. వేసుకున్నన్నాళ్లూ నా పాదానికి చిన్న గీత కూడా పడలేదు. తప్పంతా వాటిని విప్పాల్సినవాడిదే. మొదటి వారం ప్రతి గడప ముందూ కూర్చుని ఓపికగా విప్పాను. రెండోవారం విసుగు మొదలైంది. మూడోవారానికల్లా వాకిట్లోనే నిలబడి, లోపలున్నవాళ్లను ఒక కొమ్మ పట్టుకురమ్మని, పురుగుల్ని అక్కడే చూసి సలహా పారేయడం అలవాటు చేసుకున్నాను. నన్నెవరు అడుగుతారు?

కుప్పం దగ్గర పల్లెలో ఒకామె ఉంది. యాభై దాటిన మనిషి, భర్త లేడు, కొడుకు బెంగుళూరులో పని చేస్తాడు. ఇంట్లో ఆమె, కోడలు. షెడ్డు పేరుకు అత్తదే గానీ నడిపేది కోడలే. మేత ఎప్పుడు ఆపాలో, సున్నం ఎప్పుడు చల్లాలో ఆ అమ్మాయికి చెప్పాల్సిన పని లేదు. పురుగు తల ఎత్తిన తీరు చూసి జ్వరం నుంచి ఎప్పుడు లేస్తుందో గంటల లెక్కన చెప్పేది. నేను మిగతా రైతుల్ని ఆ కోడలి దగ్గరికి పంపి నేర్చుకోమనేవాణ్ణి. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ముఖం వెలిగేది. ఆ ఇంట్లో ఆమెకు గౌరవమంటూ దొరికింది ఆ షెడ్డులోనే.

కిందటి వానాకాలంలో ఒకరోజు ఉదయం ఆ ఇంటికి పోతూ దారిలో మరో రైతు దగ్గర ఆగాను. ఆయన పురుగులకు పాలరోగం తగిలింది. పురుగు పసుప్పచ్చగా ఉబ్బి, చర్మం పగిలి పాలలాంటి నీళ్లు కారుతుంది. గుంట తీయించి చచ్చిన పురుగుల్ని పూడ్పించాను. ఆ గుంట చుట్టూ బూట్లతోనే తిరిగాను. తర్వాత వాన పట్టుకుంది. అత్తాకోడళ్ల ఇంటికి చేరేసరికి లేసులు నాని ముడులు బిగుసుకుపోయాయి. ఆ రోజుకు పురుగులు మూడో జ్వరం నుంచి లేచి రెండు రోజులైంది, లోపలికి వచ్చి చూడమని అత్త పట్టుబట్టింది.

వంగి ముడి లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. నడుము నొప్పి, ఆకలి, వాన. లేచి నిలబడ్డాను.

"ఉండనీలే అప్పా, నీకు తెలీకుండేదా?" అంది అత్త.

కోడలు గడప పక్కనే ఉంది. దారి ఇచ్చి పక్కకు జరిగింది. వాన జల్లుకు బ్లీచింగు పలచబడిన గోనెపట్ట మీద బూట్లు రెండుసార్లు రాసి లోపలికి నడిచాను. తట్టల మధ్య ఒక మల్బరీ కొమ్మ కింద పడి ఉంటే, దాన్ని తొక్కాను. తొక్కానని తెలిసి కూడా తీసి పురుగుల మీద వేశాను. పైగా మేత అలా వృథా చేయకూడదని కోడలికి నీతి చెప్పాను.

వారం దాటాక ఫోను వచ్చింది. ఇంకో రెండు రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులు తట్టల అంచుల వెంట పాకుతూ ఉబ్బి పగులుతున్నాయి. నేను పోయేసరికి షెడ్డంతా కంపు. అత్త నేలమీద కూలబడి ఉంది. కోడలు చీపురుతో చచ్చినవాటిని తట్టలోకి ఊడ్చి ఎత్తుతోంది.

"ఇదంతా దీని పనేప్పా" అంది అత్త. "నేను ఊర్లో లేని దినం ముట్టుతో లోపలికి పోయుండాది. అడిగితే లేదంటాది. నువ్వు సెప్పు, దానివల్లే కదా?"

ముట్టుకూ పాలరోగానికీ సంబంధం లేదని ఎన్నో శిక్షణ తరగతుల్లో నేనే చెప్పాను. బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఆ రోజు మాత్రం, "కారణాలు చాలా ఉంటాయమ్మా. ఏదైనా శుభ్రం ముఖ్యం" అన్నాను. అత్తకు అది చాలు. కోడలు ఊడ్వడం ఆపి ఒక్కసారి నా వైపు చూసింది, మళ్లీ ఊడ్వసాగింది. మదనపల్లె దాకా నాకు దారి కనబడలేదు. అయినా మరునాడు పోయి నిజం చెప్పలేదు. ఆ మరునాడూ చెప్పలేదు.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా బూట్లు విప్పకుండా గడప దాటలేదు. కానీ కోడలు షెడ్డు గడప దాటడం ఆగిపోయింది. ఆకు కోసి, మోపు మోసుకొచ్చి వాకిట్లో దించుతుంది. లోపల అత్త కూలిమనిషితో తంటాలు పడుతుంది. మేత ఎక్కువైందని, గాలి చాలలేదని బయటి నుంచే కోడలు చెప్పబోతే, "నువ్వు నోరు మూసుకో" అంటుంది. రెండు పంటలు ఇలాగే గడిచాయి. నేను పోయిన ప్రతిసారీ ఆ అమ్మాయి ముఖం చూడకుండా పురుగుల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి.

మొన్న మల్బరీ తోటలో ఒంటరిగా ఆకు కోస్తూ కనబడింది. దగ్గరికి పోయి, "అప్పుడు రోగం తెచ్చింది నేనమ్మా" అన్నాను.

"తెలుసు సార్" అంది కొడవలి ఆపకుండా. "మీరు తొక్కిన బురద తుడిసింది నేనే. మా అత్త సూస్తే మీకు మాటొస్తాదని తుడిసినా. మీరే సెప్తారనుకొంటి. ఆ పొద్దు మీ దిక్కు సూసింది అందుకే."

అక్కడి నుంచి నేరుగా షెడ్డు దగ్గరికి పోయి అత్తకు అంతా చెప్పాను. గుంట, వాన, ముడి, కొమ్మ, ఏదీ దాచలేదు. కోడలి తప్పు రవ్వంత కూడా లేదన్నాను. ఆమె కాసేపు విని నవ్వింది.

"పోప్పా! సెప్పులతో వచ్చిన పెద్దమనిషినే వదలకుండా అరిసినోడివి. నువ్వు బూట్లతో లోపలికొచ్చి రోగం తెస్తివంటే ఎవరు నమ్ముతారు? ఆ పొద్దు ఏదో అడుగు పెట్టినా మందునీళ్లలో తుడిసే వస్తివి, నేను సూల్లేదా? దాని ముఖం సూసి జాలిపడి నీ మీద ఏసుకుంటాండావు."

కాదు, నిజమని నేను మళ్లీ మొదలుపెట్టాను. ఆమె నా మాట వినడం లేదు. మోపు ఎత్తుకుని అప్పుడే వాకిట్లోకి వచ్చిన కోడల్ని పిలిచింది.

"ఇట్లా రాయే. నిన్ను కాపాడేదానికి సారు తన మీదికి తెచ్చుకుంటాండాడు. ఇట్లాంటి మనిషి యాడన్నా ఉండాడా? కాళ్లకు మొక్కు."

కోడలు మోపు దించింది. నా ముఖం వైపు చూడకుండా వచ్చి, వంగి, రెండు చేతులతో నా పాదాలు తాకింది.