ఊ కొట్టని డబ్బా

జగిత్యాలలో మొగిలయ్య గురించి ఎవరిని అడిగినా ముందు ఒక నవ్వు నవ్వి ఆ తర్వాతే చెప్తారు. వాళ్ల నాన్న రాయికల్ దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. కొడుకు ఏడో తరగతితో బడి మానేసి, తాడెక్కమంటే పోయి టెలిఫోన్ స్తంభం ఎక్కాడు. "తాటిచెట్టు మీద కల్లు లొట్టి ఉంటది, స్తంభం మీద ఏముందిరా" అని తండ్రి ఎగతాళి చేస్తే, "మంది ముచ్చట్లున్నయి నాయినా" అన్నాడట. లైన్ల మీద కూలీగా చేరి, చూసి చూసి ఫోన్ల పని నేర్చుకున్నాడు. ఆయన విప్పని డబ్బా లేదు, చదివిన పుస్తకం లేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు, ఆఫీసులు బంద్, బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలీదు. మల్లయ్య సేటుకు లారీల ట్రాన్స్‌పోర్టు ఉండేది. పెద్దాఫీసు జగిత్యాలలో, చిన్నాఫీసులు కోరుట్లలో, సిరిసిల్లలో. కోరుట్ల నుంచి పసుపు, సిరిసిల్ల నుంచి బట్ట. సేటు హైదరాబాదులో ఎవరి దగ్గరో చూసొచ్చి, మొగిలయ్య చేతే మూడాఫీసుల్లోనూ బ్యాటరీతో నడిచే వాయిస్ మెయిల్ డబ్బా ఒక్కొక్కటి పెట్టించాడు. రెండూళ్ల వాళ్లూ సాయంత్రం జగిత్యాల డబ్బాకు ఫోన్ చేసి, కూత పడ్డాక చెప్పాల్సింది చెప్తారు. సేటు పొద్దున ఆరింటికి బటన్ నొక్కి వింటాడు. సెల్ ఫోన్ ఉంది కదా అంటే, "చెవుల పడ్డది మర్చిపోత, డబ్బాల పడ్డది యాడికి పోతది" అనేవాడు.

డబ్బాలో పడ్డదీ పోయింది. ఒక్క వారంలో మూడుసార్లు సిరిసిల్ల కబురు డబ్బాలో లేదు. మూడోసారి, వేములవాడ దారిలో రాస్తారోకో అని తెలియక లారీ పోయి ఇరుక్కుంది. అక్కడ రోడ్డు మీదే సమ్మె వాళ్ల వంటావార్పు. డ్రైవరుకు మాత్రం ఏ లోటూ జరగలేదు. మూడు కూరలతో తిని, పాటలు విని, ఒక కునుకు తీసి సాయంత్రానికి వచ్చాడు. సేటుకే ఒళ్లు మండింది.

"సిరిసిల్లల ఆ శాంత ఫోనే చేస్తలేదు. చేసిన్నని అబద్ధమాడుతున్నది. శనివారం దాక చూస్త మొగిలీ. డబ్బాల తప్పు లేదని తేలితే ఆమెను మాన్పిస్త."

శాంత ఇంట్లో అందరూ బీడీలు చుట్టేవాళ్లే. పది పాసై కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆమె. పని పోతే మళ్లీ ఒళ్లోకి బీడీల చాటే. తన చేత్తో పెట్టిన డబ్బా వల్ల ఒకరి పని పోతుందంటే మొగిలయ్యకు అన్నం సయించలేదు. తిన్నాడనుకోండి, రెండోసారి వడ్డించమనలేదు, అంతే.

గురువారం జగిత్యాల డబ్బా విప్పి చూశాడు. బాగానే ఉంది. కోరుట్ల పోయాడు. అక్కడి గుమాస్తా పరశురాములు ఫోనెత్తి, "సేటూ నేను పరశురాముల్ని నలభై బస్తాలెక్కినయి డ్రైవర్‌కు జ్వరం తగ్గింది వాన గూడ తగ్గింది" అని ఊపిరి తీయకుండా చెప్పాడు. మొగిలయ్య అదే నంబరు మళ్లీ కొట్టి, రెండంకెలు నొక్కి విన్నాడు. డబ్బాలో అక్షరం తప్పకుండా పడింది.

శుక్రవారం బండి మీద సిరిసిల్ల బయల్దేరాడు. మూడు చోట్ల ఆపారు. మూడు చోట్లా జై తెలంగాణ అని, రెండు చోట్ల చాయ్ తాగి చేరుకున్నాడు. ఆఫీసు గోడకు ఆనుకునే బట్ట నేసే షెడ్డు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కరెంటు లేక సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. మొగిలయ్య ఫోనెత్తి నాలుగు ముక్కలు గబగబా చెప్పాడు. డబ్బాలో పడ్డాయి. ఆ మాట సెల్లో చెప్తే సేటు అటు నుంచి, "నువ్వు మాట్లాడితే అచ్చింది, ఆమె మాట్లాడితే రాలే. ఇంకేం గావాలె?" అన్నాడు.

శాంత మొహం మాడిపోయింది. "అన్నా, నీ ముంగటనే చేస్త చూడు."

కూత పడింది. "నమస్తే సేటూ, శాంతను. మంచిగున్నరా?" అని ఆగింది. గోడ వైపు చూసింది. తీరిగ్గా మళ్లీ మొదలుపెట్టి బట్ట బేళ్ల లెక్కంతా చెప్పి పెట్టేసింది. డబ్బాలో ఏమీ లేదు.

అప్పుడే కరెంటు వచ్చింది. పక్కన సాంచాలు ధడధడా అందుకున్నాయి.

"మళ్లొక్కసారి చెయ్యి చెల్లె."

అదే నమస్తే, అదే ఆగడం. ఈసారి సాంచాల మోతతో సహా కబురంతా పడింది. మొగిలయ్య స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"మధ్యల ఎందుకు ఆగినవ్?"

"మంచిగున్నరా అని అడిగిన గదా. పెద్దమనిషిని అడిగి, జవాబు గూడ ఇనకుంట ఉరుకుతరా?"

"డబ్బా జవాబు చెప్తదా?"

"చెప్పదు. టూ టూ అంటది. ఇంటున్నదనుకున్న."

"అది ఇనుడు గాదు చెల్లె, కట్ చేసుడు."

సంగతి ఇది. నాలుగు సెకన్లు చప్పుడు లేకపోతే మనిషి ఫోన్ పెట్టేశాడనుకొని డబ్బా లైను కట్ చేస్తుంది. మరీ చిన్న కబురైతే పారేస్తుంది. ఇన్నాళ్లూ శాంత మర్యాదగా ఆగిన ఆ కాస్త ఖాళీని సాంచాల మోత నింపింది. సమ్మెలో కరెంటు పోయేసరికి మోత పోయింది, దాంతో కబురూ పోయింది.

ఆఫీసు ఊడ్చే రాజక్క అంతా విని, "ఊ కొట్టెటోళ్లు లేకపోతే ముచ్చట ఎట్ల నడుస్తది" అంది.

ఆ నాలుగు సెకన్లు పెంచాలంటే ఒక రహస్య నంబరు కావాలి. అది హైదరాబాదు దుకాణం వాళ్ల దగ్గరుంది. దుకాణం బంద్. అందుకని ఆ సాయంత్రం రాజక్కను ఫోను పక్కన కూర్చోబెట్టారు.

శనివారం పొద్దున మొగిలయ్య సేటు ఎదురుగా ఉన్నాడు. డబ్బా పలికింది. "నమస్తే సేటూ, శాంతను. మంచిగున్నరా?" "ఊ." "రేపు గూడ వేములవాడ దారి బందట. లారీని కరీంనగర్ మీదికెళ్లి పంపున్రి." "ఊ."

"ఈ ఊ అన్నదెవ్వలు?" అన్నాడు సేటు. మొగిలయ్య అంతా చెప్పాడు. సేటు నమ్మలేదు. "ఇద్దరు గల్సి కథలు జెప్తున్రా? డబ్బాతోని మాట్లాడుకుంట ఎవ్వలన్న ఆగుతరా?"

"మీరే ఒక్క కబురు పెట్టున్రి సేటూ, సిరిసిల్ల డబ్బాల. అక్కడ ఇంకా ఆఫీసు తెరవలే."

సేటు ఫోన్ కలిపి, కూత పడ్డాక గొంతు సవరించుకున్నాడు. "శాంతమ్మా, నేను సేటును," అని రిసీవర్ చెవికి ఆనించుకొని, కనుబొమ్మలెత్తి నిలబడ్డాడు. అటు నుంచి "ఆ" అంటారేమోనని. ఆఫీసంతా నిశ్శబ్దం. ఫోను టూ టూ అంది. మొగిలయ్య చాయ్ తాగాడు.

సేటు మళ్లీ నంబరు కొట్టాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు.

సిరిసిల్లలో శాంత ఆ కబురు వింది. "లారీ కరీంనగర్ మీదికెళ్లి పోతది సోమారం ఎప్పటోలె పనికి రా నువ్వు అబద్ధమాడలే నేనే తప్పుగ అన్న."

ఆమె ఫోను దించకుండానే మళ్లీ బటన్ నొక్కింది.

"ఇప్పటికి రెండుసార్లు ఇన్నవ్ బిడ్డా, చాయ్ సల్లారుతది" అంది రాజక్క.

"సల్లారనియ్యి రాజక్కా. ఆఖరి మాట మళ్ల అస్తున్నది."