దారం లేని కాయ

అనీస్ బేగంది మంచి చేయి అని పటాన్‌చెరు చుట్టుపక్కల విత్తన కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఆమెది ఒకటే పని. సాయంత్రం మిరప మొగ్గను విప్పి, చిన్న పట్టకారుతో లోపలి కేసరాలు తీసేస్తుంది. మర్నాడు పొద్దున వేరే మొక్క పుప్పొడి తెచ్చి అద్దుతుంది. తొడిమకు ఎర్ర దారం కడుతుంది. దారం ఉన్న కాయే విత్తనానికి పనికొస్తుంది. లేనిది ఎంత బాగున్నా పారేయాల్సిందే.

ఆమె దారం కట్టిన పూలలో సగానికి పైగా కాయలు నిలిచేవి. అందుకే కొత్తగా చేరినవాళ్లు తమ సాలులో మొదటి దారం ఆమెతో కట్టించుకునేవారు.

ఆరో షెడ్డులో ఆ చేయి పనిచేయలేదు.

అక్కడ పన్నెండు మొక్కలు. మనం వండుకునే మిరపకూ, కాయకుళ్లు అంత తేలిగ్గా సోకని పరదేశపు మిరప జాతికీ పుట్టినవి. వాటిని పుట్టించడానికే షెడ్డు చూసే నాగవల్లికి మూడేళ్లు పట్టింది. నడుము దాటి పెరిగాయి. కొమ్మ కొమ్మకూ పూత. తెల్లటి రేకుల మొదట్లో లేత పసుపు మచ్చ, ఆ పరాయి జాతి గుర్తు. నాలుగో రోజుకల్లా పూలన్నీ రాలిపోయేవి.

నాగవల్లి ఒకసారి ఆ పుప్పొడిని మైక్రోస్కోపులో చూపించింది.

"మంచి పుప్పొడైతే మనం వేసిన ఎర్రరంగు పట్టుకుంటుంది అనీసమ్మా. ఇది చూడండి, వట్టి పొట్టు. రెండు జాతులకూ లోపల జత కుదరలేదు. మీ చేతి తప్పేం లేదు. మన మిరప పుప్పొడే తెచ్చి వీటి పూలకు అద్దుతూ పోదాం. వెయ్యింటికి ఒకటి నిలిచినా చాలు."

అనీస్ బేగం వెయ్యి పూలకు పైగా దారం కట్టింది. దారాలు పూలతో సహా నేల రాలాయి.

"ఏంది బీ, నీ చేయి రిటైరైందా?" అన్నాడు నీళ్లు పట్టే బాలప్ప.

"నీ నోరు కాలేదు గదా, గది సాలు," అంది ఆమె.

కానీ ఆ వారం పనిలో చేరిన శ్రీదివ్య తన మొదటి దారం తానే కట్టుకుంది. అది అనీస్ బేగం చూసింది.

రెండు రోజుల తర్వాత, రెండు సాళ్ల నడుమ బాటలో ఒక పండు మిరప కనిపించింది. చిన్నది, వంకర తిరిగింది. ఇటువైపు ఆ పన్నెండు మొక్కలు. అటువైపు పుప్పొడి కోసం పెంచే మామూలు మిరప. కాయకు దారం లేదు. ఇటునుంచే రాలిందేమో అనుకుంది. కాదని తెలుసు. జేబులోంచి దారం తీసి తొడిమకు కట్టింది.

కాయ చేతిలో పెట్టినప్పుడు నాగవల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

కాయలో తొమ్మిది గింజలు. ఏడు మొలిచాయి. శ్రీదివ్య వచ్చి, "పెద్దమ్మా, నా సాల్ల ఒక్క దారం కట్టవా," అని అడిగింది. అనీస్ బేగం ఆ పిల్ల మొహం చూడకుండా కట్టింది.

రోజూ పోతిరెడ్డిపల్లిలో షేర్ ఆటో ఎక్కేటప్పుడు ఇయ్యాల చెప్త అనుకునేది. దారిలో ముత్తంగి దాకా ఆ మాట గట్టిగానే ఉండేది. షెడ్డు తలుపు తీసేసరికి ఉండేది కాదు.

రెండు నెలలకు కుండీల్లో ఆ ఏడు మొక్కలు పూశాయి. అందరికంటే ముందు వచ్చి ఒక్కో పువ్వునూ తిప్పి చూసింది. తెల్లగా ఉన్నాయి. ఎందులోనూ పసుపు మచ్చ లేదు.

అప్పుడే బాలప్ప గడ్డపార తెచ్చాడు. "మేడం చెప్పింది బీ. పాత చెట్లు పీకి పిల్ల మొక్కలు ఈడ పెట్టాల్నట. జెర జరుగు."

ఆమె జరిగింది. అతను ఒకటి పీకాడు. రెండోది, మూడోది, నాలుగోది. అయిదో దాని ముందు ఆమె కూలబడి కాండం పట్టుకుంది.

"పీకకు. మేడంను పిలువు."

నాగవల్లి పరుగున వచ్చింది.

"మేడం, గా కాయ ఈ చెట్లది కాదు. బాటల దొరికింది. దారం నేనే కట్టిన."

"మరి ఇన్నాళ్లూ?"

"చెప్దామనే రోజూ వచ్చిన. చెప్పకుండనే పోయిన."

నాగవల్లి కొత్త మొక్క పువ్వును తిప్పి చూసింది. పీకిన నాలుగు మొక్కలనూ తన చేతులతోనే తిరిగి నాటింది. ఒక్కటీ బతకలేదు.

అనీస్ బేగంను పనిలోంచి తీసేయలేదు. "పుప్పొడి మీరే అద్దండి," అంది నాగవల్లి. "దారం శ్రీదివ్య కడుతుంది."

ఎనిమిది మొక్కలు మిగిలాయి. ఇప్పటికీ విరగపూస్తాయి, రాలుస్తాయి. అనీస్ బేగం పుప్పొడి అద్ది, తొడిమను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, పక్క సాలులోంచి శ్రీదివ్య వచ్చేదాకా నిలబడుతుంది.

"మేడం లేదు గదా పెద్దమ్మా, నువ్వే కట్టరాదు?" అంది శ్రీదివ్య ఒకనాడు.

"నువ్వే కట్టు బిడ్డా," అంది ఆమె, వేళ్లు తీయకుండా.