పసుపు నీళ్ల పునాది

మొన్న గాజువాక జంక్షన్‌లో సిటీ బస్సు ఆగినప్పుడు కిటికీ పక్కకి ఒక కాంక్రీటు లారీ వచ్చి నిలబడింది. సిగ్నల్ పడి లారీ ఆగింది గానీ దాని వీపు మీది డ్రమ్ము ఆగలేదు. లోపల కంకర గరగరమని దొర్లుతూనే ఉంది. ఆగితే గడ్డకడుతుంది కదా. నా పక్క సీట్లో ఆవిడ ఫోన్లో ఎవరికో చేపల పులుసు ఎలా పెట్టాలో చెబుతోంది. నేను మాత్రం ఆ డ్రమ్ము చప్పుడే వింటున్నాను. ఆ చప్పుడు ఎక్కడ విన్నా నాకు సత్యవతి మేడమ్ గుర్తొస్తారు.

ఆవిడ నా మొదటి బాస్. ఆటోనగర్‌లో ఒక బేరింగుల షాపు పైన మా ఆఫీసు ఉండేది. పాత ఫ్యాక్టరీలు పడగొట్టిన స్థలాల్లో కొత్త కట్టడాలు లేచేముందు, అక్కడి మట్టిలో, నీళ్లలో ఏ విషాలు మిగిలాయో పరీక్షించి చెప్పడం మా పని. మేడమ్ వాళ్లది రాజమండ్రి వైపు. తండ్రికి పోర్టులో ఉద్యోగం వస్తే చిన్నప్పుడే ఈ ఊరు వచ్చేశారు. గంజిపెట్టిన నేత చీర, దాని కింద మగవాళ్ల కాన్వాసు బూట్లు. సైటులో ఆవిడని చూసి కూలీలు మొదట నవ్వుకునేవారు. ఆవిడ మట్టి తీయడం మొదలుపెట్టాక ఎవరూ నవ్వేవారు కాదు.

నేను చేరిన కొత్తలో మల్కాపురంలో పాత రసాయనాల డ్రమ్ములు కడిగిన ఒక ఖాళీ స్థలానికి వెళ్లాం. నేను చాలా తెలిసినదానిలా గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకోబోయాను. మేడమ్ నా చేతి మీద ఫట్‌మని కొట్టారు. మట్టంతా నా డ్రెస్సు మీద పడింది.

"ఏంటమ్మాయ్ ఆ పని? నీ ముక్కు నీకు బరువైందా?"

నాకు కోపమొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ రోజు మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో టిఫిన్ తింటుంటే సాంబారు పులిసిపోయిన వాసన కొట్టింది. నేను గిన్నె పక్కకి జరిపేశాను. ఆవిడ మాత్రం హాయిగా పోసుకుంటున్నారు. నేను చెప్పాక చెంచా కింద పెట్టి, మామూలుగా అన్నారు. "నాకు వాసన తెలీదు. నీ వయసులో ల్యాబులో పనిచేసేదాన్ని. అన్నీ ముక్కుతోనే పరీక్షించేదాన్ని. ఒకరోజు మల్లెపూలు పెట్టుకుంటే తెలిసింది, పోయిందని." అంతే. మళ్లీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ తర్వాత వచ్చింది ఆ అపార్ట్‌మెంట్ల సైటు. ఒక బిల్డరు కొన్న స్థలం. అంతకుముందు అక్కడ స్పేర్ పార్టుల గోడౌను ఉండేదని మాతో చెప్పారు. మేము వెళ్లేసరికే పునాదులకు గోతులు తవ్వేశారు. రాత్రి వాన పడినట్టుంది, గోతుల్లో నీళ్లు నిలిచాయి. మామూలు బురద రంగు కాదు. పసుపు కలిపినట్టున్నాయి. మేడమ్ గోతి అంచున చాలాసేపు నిలబడ్డారు. తర్వాత పడగొట్టిన గోడల మొదళ్లు చూశారు, పెళ్లలుగా రాలిపోయి, తుప్పులా మరకలు పట్టి ఉన్నాయి. "గోడౌను కాదిది. ఇక్కడ ఇనప సామాన్లకి క్రోమియం పూత వేసేవారు. ఆ తొట్టెలు ఎక్కడో కారాయి," అన్నారు.

క్రోమియం ఉందేమోనని మా దగ్గరున్న చిన్న కిట్టుతో పరీక్షిస్తే గోతిలో నీళ్లు వంకాయ రంగుకి తిరిగాయి. బోరు నీళ్లు కూడా తిరిగాయి, కాస్త లేతగా. ఆ బోరు నీళ్లే సైటులో గుడిసెలు వేసుకున్న కూలీల కుటుంబాలు తాగుతున్నాయి. మేడమ్ గుడిసె గుడిసెకీ వెళ్లి తాగొద్దని చెప్పారు. ఆవిడ వెనకాలే బిల్డరు మేనేజరు వెళ్లి, "ఊరికే భయపెడతారు, ఏం కాదు," అని చెప్పాడు. మాతో మాత్రం మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ రంగు చూపించి పని ఆపమంటే ఎలా మేడమ్? ల్యాబు రిపోర్టు తెండి. అప్పుడు చూద్దాం."

"తెస్తాను. అంతవరకు ఈ గోతుల్లో ఏమీ పోయకండి," అని మేడమ్ సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని తనే ల్యాబుకి బయల్దేరారు. నన్ను సైటులో ఉండమన్నారు.

ఆవిడ ఆటో మలుపు తిరిగిన కాసేపటికే గేటులోంచి కాంక్రీటు లారీ వచ్చింది.

నాకు అర్థమైపోయింది. పోసేస్తే గోతులుండవు, పసుపు నీళ్లూ ఉండవు. పైన కట్టడం లేస్తుంది. రేపు అందులో పిల్లలు ఆడుకుంటారు, అదే బోరు నుంచి ట్యాంకుకి నీళ్లెక్కుతాయి. నేను మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా వైపు చూడకుండానే, "మీకు రిపోర్టు మీద సంతకం చేసే అధికారం ఉందామ్మా? లేదు కదా. పక్కకి జరగండి, లారీ వెనక్కి రావాలి," అన్నాడు. నిజమే, నాకు ఏ అధికారమూ లేదు.

మేడమ్‌కి ఫోన్ చేశాను. అవతల ఆటో హోరు. చెప్పిందంతా విని ఆవిడ అన్నారు.

"నేను వచ్చేలోపు పోసేస్తారు. నువ్వు ఆ మేనేజరుతో వాదించకు. పోసేవాళ్లతో మాట్లాడు. నువ్వు చూసింది చెప్పు. చూడనిది ఒక్క ముక్క కలపకు."

మేస్త్రీ పేరు అప్పలనాయుడు. విజయనగరం వైపు పల్లె నుంచి భార్యని, పిల్లల్ని, ఊళ్లో వాళ్లని వెంటపెట్టుకుని వచ్చినవాడు. లారీ వెనక పార చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. డ్రమ్ము చప్పుడులో నా మాట నాకే వినపడట్లేదు. గట్టిగా అరిచి చెప్పాను. గోతిలో నీళ్లు రంగు మారాయని, బోరు నీళ్లూ మారాయని, అది క్రోమియం అయితే ఒంటికి చాలా చెడ్డదని, ల్యాబు ఇంకా తేల్చలేదని. ఆ చివరి మాట చెప్పేటప్పుడు, ఇది చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. చెప్పాను.

అతను పార కింద పెట్టి చేతులు చాపాడు. వేళ్ల మీద, మణికట్టు దగ్గర గుండ్రటి పుళ్లు, మేకుతో పొడిచినట్టు లోతుగా.

"సిమెంటు తిన్నాదనుకున్నానమ్మా. నొప్పి పెద్దగా నేదు. మానవు, అంతే. దీనివల్లేనేటి?"

"నాకు తెలీదు నాయుడూ. కావచ్చు."

"మా ఆడది, పిల్లలు ఆ నీలే తాగతన్నారు. పొద్దున మేడమ్ సెప్పినా, యేరే నీలెక్కడున్నాయని..." అని ఆగిపోయాడు. గుడిసెల వైపు చూశాడు. అక్కడ అతని భార్య బోరు దగ్గర బిందె నింపుతోంది. అతను ఒక్కసారిగా కేకేశాడు. "ఒలే, పారబొయ్యి! ఆ నీలు పారబొయ్యి!"

మేనేజరు వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. "పొయ్యవా? అయితే మీరంతా ఇప్పుడే సామాన్లు సర్దుకోండి."

అప్పలనాయుడి మనుషులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లలో ఒకడు, "బావా, పనిపోతే ఏటి సేత్తాం?" అని మెల్లగా అడిగాడు. అప్పలనాయుడు వెళ్లి గోతి ముందు లారీకి అడ్డంగా కూర్చున్నాడు. కాసేపటికి మిగిలినవాళ్లూ వచ్చి కూర్చున్నారు. నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను. నిలబడే ఓపిక లేక. డ్రమ్ము తిరుగుతూనే ఉంది. డ్రైవరు అటూ ఇటూ ఫోన్లు చేసి, చివరికి కాంక్రీటు గట్టిపడుతుందని భయపడి లారీ వెనక్కి తీసుకుపోయాడు.

ల్యాబు మేడమ్ అనుమానించిందే తేల్చింది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగి పని ఆపించారు, బోరు మూయించారు. గుడిసెలకి ట్యాంకరు నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు తాగి కడుపునొప్పులు పట్టుకున్న పిల్లల్ని పెద్దాసుపత్రికి తనే తీసుకెళ్లారు. వాళ్లకి తగ్గింది. అప్పలనాయుడి పుళ్లు మానడానికి చాలా కాలం పట్టింది, గుంటలు అలాగే మిగిలాయి. అతనికి ఆ బిల్డరు దగ్గర మళ్లీ పని దొరకలేదు. మాకూ అంతే. మేము పని ఆపించిన మాట ఊరంతా పాకి, కొత్త పనులు రావడం మానేశాయి. మేడమ్ ఆఫీసులో సగం గది ఖాళీ చేసి ఇచ్చేశారు. నన్ను మాత్రం వెళ్లమనలేదు. ఆ స్థలంలో చెడిన మట్టినంతా తవ్వి తరలించాకే, చాలా ఆలస్యంగా, కట్టడం మొదలైంది.

ఒక సాయంత్రం నేను ఆవిడని పొగడబోయాను. ఆవిడ విసుక్కున్నారు.

"గొప్పేముంది? నేను సీసాలు పట్టుకుని వెళ్లేముందే బోరు మోటారు ఊడదీయించాల్సింది. ఇంకో పూట తాగారు ఆ పిల్లలు." తర్వాత అడిగారు, "ఆ రోజు భయపడ్డావా?"

"చాలా, మేడమ్."

"నేనూ. ల్యాబులో ఏమీ లేదని తేలితే వాళ్ల పని చెడగొట్టినదాన్ని అవుతాను కదా. ఆ భయం ఉండనీ. అది లేనివాళ్లు ఉన్న విషాన్ని లేదనీ, లేనిదాన్ని ఉందనీ, రెండు రకాలుగానూ తప్పులు రాస్తారు."

ఆవిడ పోయి కొంతకాలమైంది. ఇప్పుడు సంతకం చేసే అధికారం నాకుంది. ప్రతి సైటులోనూ ఎవరో ఒకరు గడియారం చూసుకుంటూ, "ఇంకెంతసేపు మేడమ్?" అని అడుగుతారు. ప్రతిసారీ నాకు ఆ పాత భయమే వస్తుంది. ఇన్నేళ్లయినా అది వదల్లేదు, వదిలించుకోవాలని నేనూ చూడలేదు. తెలిసింది తెలిసినట్టు చెబుతాను. తెలియనిదాన్ని తెలియదనే చెప్పి, తేలేవరకు పని ఆపమంటాను.