అవ్వ తట్టిన చెక్కబల్ల

2006 జూలై 12, బుధవారం, ఉదయం పదకొండు గంటలకు ఇది మొదలైంది. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో మొదట పట్టా పుచ్చుకున్నదాన్ని నేనే. ఎవరికైనా జ్వరమొస్తే తాయెత్తు విప్పించి ఆసుపత్రికి తీసుకువెళ్ళినదాన్ని కూడా నేనే.

అప్పట్లో తమిళనాడులోని ధర్మపురిలో, వినికిడి లేని చిన్నపిల్లల కేంద్రంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. లోచెవి దెబ్బతిన్న పిల్లల్లో కొందరికి ఒంటి తూకం నిలుపుకునే శక్తి కూడా ఉండదు. వాళ్ళు చూపు ఆధారంగానే నిలబడతారు. కళ్ళు మూస్తే పడిపోతారు.

వెల్లిచందై నుంచి వచ్చే మూడేళ్ళ జయ అలాంటి పిల్ల. ఆమెను నాయనమ్మ తీసుకొచ్చేది. పొడవాటి చెక్కబల్ల మీద ఒక కొసన పాపను నేను నిలబెడితే, రెండో కొసన అవ్వ కూర్చుని అరచేత్తో తట్టేది: గబగబా రెండుసార్లు, కాస్త ఆగి ఒకసారి. పిలిస్తే వినబడని బిడ్డకు ఆ అదురు పాదాల్లో తెలిసేది; అదే అవ్వ పిలుపు.

"నడక నేర్పుతావా, నాట్యం నేర్పుతావా అమ్మణ్ణీ? ఇన్ని దినాలా?" అని అవ్వ నన్ను ఎగతాళి చేసేది.

జూన్ చివర్లో అవ్వ చనిపోయింది. ఆ బుధవారం పాపను తండ్రి మునిరాజు తెచ్చాడు. కుటుంబంతో హోసూరుకు కట్టడం పనికి వెళ్ళాలని ఆయన తొందర.

"మాయమ్మ పనిలేక తిప్పింది మేడమ్. ఈ పొద్దు చూస్తా. నడవకుంటే ఇంక వచ్చేది లేదు" అని వరండాలో కూర్చున్నాడు.

పాప నాలుగు అడుగులు వేస్తే ఆయన మనసు మారుతుందని ఆశపడ్డాను.

ఆ గదికి కిటికీలు లేవు. పాప చూపు చెదరకూడదని తలుపు మూశాను. బల్లమీద నిలబెట్టి చేతులు వదిలానో లేదో, కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పడిపోతుందని చేతులు చాచాను. పాప అందలేదు.

బల్లకు ఆనించిన నా మోకాలికి అదురు తగిలింది. గబగబా రెండు, ఆగి ఒకటి. పాప అడుగుల అదురు ఆ తర్వాతే మొదలైంది. తడబాటు లేకుండా నా నుంచి దూరమైంది.

తడుముకుంటూ వెళ్ళి తలుపు తెరిచాను. పాప అవతలి కొసన నిలబడి, అవ్వ కూర్చునే ఖాళీ చోటుకేసి నవ్వుతూ, తన చెవితమ్మె లాగుతోంది. అవ్వకు పెద్ద కమ్మలుండేవి. పాప సైగల్లో అవ్వ అంటే అదే.

నా వెనకే వచ్చిన మునిరాజు అది చూశాడు.

"నడిచినాది కదా మేడమ్. ఇంక దేనికి వచ్చేది?"

చూపు ఆనకపోతే ఈ పిల్ల పడిపోతుందని, ఇంకా కొన్ని నెలలు సాధన కావాలని బతిమాలాను.

"ఇప్పుడు చీకట్లోనే కదా నడిచినాది" అన్నాడు.

పిలిచింది అవ్వే అయితే, మనవరాలికి ఆమె చేసిన మేలు ఇదీ.

ఆ చీకట్లో గదిలో నేనూ పాపా ఇద్దరమే ఉన్నాం. ఆ బల్లను ఎవరు తట్టారో, తూకం లేని పిల్ల చీకట్లో ఎలా నడిచిందో ఈనాటికీ నేను చెప్పలేను.

ఆ మధ్యాహ్నం బస్సుకే వాళ్ళు వెళ్ళిపోయారు. జయ చికిత్స అంతటితో ఆగిపోయింది.