ఎప్పుడూ మంగళవారమే

పుష్పవల్లి అబద్ధం చెప్పిందని ఐదుగురు పెద్దమనుషులు ఒక బల్ల చుట్టూ కూర్చుని, బిస్కెట్లు తింటూ తేల్చేశారు. తొంభై రెండులో మాట. ఊరికి దక్షిణం కొసన, చెట్ల మధ్య, గేటు దగ్గర పేరూ పనీ చెప్పుకుంటే గానీ లోపలికి వదలని పరిశోధన సంస్థ అది. దాని పేరు రాయను. రాసినా అక్కడివాళ్ళు తెలుగు చదవరు.

ఆమె నేరమేమిటో చెప్పాలంటే ముందు ఆమె పనేమిటో చెప్పాలి. నాకు అర్థమైనంత చెప్తాను. కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. అర్థం కానిదాన్ని అర్థమయ్యేదాకా చదవడం ఒకటే నాకున్న చదువు.

బాక్టీరియా అనే ఒంటికణం జీవి లోపలికి ఒక వైరస్ దూరుతుంది. దూరాక దానికి రెండు దారులు. గబగబా తనలాంటివాటిని పుట్టించుకుని కణాన్ని బద్దలుకొట్టుకుని బయటికి రావడం ఒకటి. చప్పుడు చేయకుండా లోపలే పడుండటం ఇంకొకటి. ఏ దారి పడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి తేల్చే అణువులు కణంలో చాలా కొద్ది. ఏది ముందు వెళ్ళి అతుక్కుంటే దానిదే గెలుపు. పుష్పవల్లి దీన్ని గాజుగొట్టాల్లో కాక కంప్యూటర్లో చూసేది. కణాన్ని లెక్కలుగా రాసి, అడుగడుక్కీ పాచికలు వేయించి, వైరస్ ఎటు తిరుగుతుందో కనిపెట్టేది. బయాలజీవాళ్ళు ఇది బయాలజీ కాదనేవారు. కంప్యూటరువాళ్ళు ఇది తమ పని కాదనేవారు. ఆ చదువుకు అప్పటికి పేరు కూడా సరిగ్గా కుదరలేదు.

ఆమెకిచ్చింది మూలగదిలో ఒక పాత మిషను. పొద్దున లెక్క మొదలుపెడితే సాయంత్రానికి గానీ తెమిలేది కాదు. థీసిస్ చివరికొచ్చాక, ఒకే పరిస్థితిలో ఐదుసార్లు విడివిడిగా నడిపి చూపించమని కమిటీ అడిగింది. పాచికలాట కాబట్టి ప్రతిసారీ కొంత తేడా రావాలి. ఆ తేడా ఎంతో వాళ్ళకు కావాలి. ఆమె రోజుకొకటి చొప్పున నడిపి, ఐదు ఫ్లాపీల మీదికి ఎక్కించి, ఐదో సాయంత్రమే ఇచ్చేసి ఇంటికెళ్ళి పడుకుంది. ఆ వారమంతా ఆమెకు జ్వరం. గైడు కోదండరాం గారు తెరిచి చూస్తే ఐదూ ఒకటే. చివరి అంకె దాకా ఒకటే.

ఒకసారి నడిపి నాలుగు కాపీలు కొట్టిందన్నారు. ఆమె ప్రోగ్రామును గైడు తన గదిలో కొత్త మిషను మీద రెండు రోజులు నడిపి చూశారు. రెండు రోజులూ రెండు రకాల జవాబులు వచ్చాయి. అంటే ప్రోగ్రాములో తప్పు లేదు. మరి తప్పెవరిదో తేల్చడానికి ఐదుగురు అక్కర్లేదు. "నేను కాపీ చేయలేదు సార్" అన్న ఒక్క మాట తప్ప ఆమె దగ్గర ఇంకేమీ లేదు. ఆ మాట ఎవరైనా అంటారు. పేరు కొట్టేశారు.

తొండియార్‌పేటలో, పైపులమ్మే అంగడి మీద ఉండే మా కంప్యూటర్ సెంటరుకు ఆమె టీచరుగా వచ్చింది ఆ తరవాతే. నేను అక్కడ ఫీజులు కట్టించుకుని, సర్టిఫికెట్లు టైపు చేసేవాణ్ణి. వాళ్ళది రాయపురంలో తరాల నుంచీ ఉన్న కుటుంబం. తండ్రి గోపాలస్వామి హార్బరులో లెక్కలు రాసేవాడు. కూతురు డాక్టరవుతుందని వీధిలో చెప్పుకున్నవాడు, పగలంతా కంప్యూటరు చూస్తూ కూర్చోవడం కళ్ళకు మంచిది కాదని పరిశోధన మానేసిందని అదే వీధిలో చెప్పుకోవలసి వచ్చింది.

సంగతంతా నాకు చెప్పడానికి ఆమెకు ఏడాది పైన పట్టింది. విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ ఐదుగురి పేర్లూ చెప్పక్కా. పేపరుకు రాస్తా."

"రాయబాకు తంబీ. ఇప్పటికి ఐదుగురికే తెలుసు. నువ్వు రాస్తే ఊరికంతా తెలస్తుంది."

"చేయని తప్పుకు నోరు మూసుకోని ఉంటావా?"

ఆమె కాసేపు బల్ల మీది దుమ్ము వేలితో గీకింది. "చేయలేదని నాకు మటుకు ఏం తెలుసు?" అంది. "ఆ వారం జొరంతో కండ్లు మూతలు పడతా ఉండినాయి. ఐదు రోజులూ పోయినాను, నడిపినాను అనే గుర్తు. కానీ ఐదూ ఒకటే వచ్చినాయి గదా. లెక్క అబద్ధం చెప్పదు. నేనే ఎప్పుడో కాపీ కొట్టేసి మర్చిపోయినానేమో. పండుకుంటే అదే. కొట్టినానా, లేదా."

అంతవరకూ నాకు ఆ ఐదుగురి మీదే కోపం. తన మీద తనకే నమ్మకం లేకుండా చేశారని ఆ రోజు తెలిసింది. దానికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తోచలేదు.

అలా ఉండగా ఒక శుక్రవారం భక్తవత్సలం శెట్టిగారు సెంటరుకు వచ్చారు. రాయపురంలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి, మనవలున్న మనిషి. కొడుకు కొట్లో కంప్యూటరు పెట్టాడు. "వాడు దాంట్లో ఏం కొడతా ఉండాడో నాకు తెలవద్దా?" అని ఫీజు మొత్తం ఒక్కసారే కట్టారు. మిషనుకు కుంకుమ పెట్టి, పైన రెండు మల్లెపూలు ఉంచి, పంచె సర్దుకుని కూర్చున్నారు.

ఆ రోజుల్లో పాత మిషన్లు స్విచ్చి వేయగానే ముందు తేదీ అడిగేవి, తరవాత గంట అడిగేవి. తమకు తోచినదేదో చూపించి, సరేనా అనేవి. ఎవరూ చదివేవారు కాదు. రెండుసార్లు ఎంటర్ కొట్టి ముందుకు పోవడమే. మా పిల్లలందరికీ పుష్పవల్లి నేర్పిన మొదటి పాఠం అదే.

"ఎంటర్ కొట్టండి శెట్టిగారూ."

శెట్టిగారు కొట్టలేదు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు వారం, తేదీ చూసుకుని తరవాతే తక్కింది చదివే మనిషి ఆయన. కళ్ళద్దాలు పైకి తోసుకుని తెరకు దగ్గరగా వంగారు.

"ఇదేంది టీచరమ్మా, మంగళవారం అంటా ఉండాదే?"

"అదేం లేదులెండి. కొట్టండి."

"ఏం లేదంటే ఎట్ల? మంగళవారం నేను కొత్త గుమాస్తానే పెట్టుకోను. కొత్త చదువు మొదలుపెడతానా?"

"ఈ పొద్దు శుక్రవారమే శెట్టిగారూ. దీని లోపల గడియారానికి బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోయింది. అందుకని అట్ల చూపిస్తుంది."

"నేను శుక్రవారం అనుకుని ఏం లాభం, అది మంగళవారం అనుకుంటా ఉంటే? పని చేసేది నేనా, అదా?"

నేను నవ్వాను.

"నవ్వబాకప్పా. రేపు ఏమంటుంది ఇది?"

"రేపూ మంగళవారమే శెట్టిగారూ. ఎప్పుడూ మంగళవారమే. ఎనభైలో జనవరి ఒకటో తేదీ."

"ఆపి మళ్ళీ వేస్తే?"

"అదే."

"పాపం," అన్నారు శెట్టిగారు మిషనును చూస్తూ. "దానికి ఇంకో రోజే రాదా అయితే?"

పుష్పవల్లి చేయి కీబోర్డు మీద అలాగే ఉండిపోయింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"తంబీ," అంది. "ఏ మిషనుకూ నిజంగా పాచికలు వేయడం రాదు. మనం ఒక అంకె ఇస్తే దాన్ని పట్టుకుని వరసగా వేస్తుంది. అదే అంకె మళ్ళీ ఇస్తే అవే పాచికలు, అదే వరస."

"నువ్వు ఏ అంకె ఇచ్చినావు?"

"ఆ పొద్దుటి తేదీ. రోజుకు ఒకటే గదా నడిపేది, రోజుకొక తేదీ చాల్లే అనుకున్నా. చేరిన కొత్తల్లో రాసినాను, మళ్ళీ ఆ పక్కకే పోలేదు. తేదీ మిషనే ఇస్తుంది గదా. ఆడ కూడా రెండుసార్లు ఎంటర్ కొట్టేదాన్ని. ఒక్క పొద్దన్నా చదవలేదు."

శెట్టిగారికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఏదో పెద్ద సంగతి జరిగిందని మాత్రం పట్టుకున్నారు. ఆయనకు మొత్తం చెప్పక తప్పలేదు. గైడుకు వచ్చిన రెండు జవాబుల సంగతీ ఇప్పుడు తెలిసిపోయింది: ఆయన మిషను కొత్తది, దాని గడియారం నడుస్తోంది.

ఇక చూడవలసింది ఒక్కటే. ఆ ఐదు ఫ్లాపీల మీద ఏ తేదీ పడిందో. ఎనభై అని ఉంటే ఆమె బతికినట్టు. తొంభై రెండు అని ఉంటే?

"ఉంటే నేనే కొట్టినట్టు," అంది పుష్పవల్లి. "చూడకుండా ఉంటేనే మేలేమో."

"సోమవారం పోండి," అన్నారు శెట్టిగారు. "రాహుకాలం దాటినాక. ఈ అబ్బాయిని కూడా తీసుకోనిపో. నా పాఠం బుధవారం పెట్టుకుందాం."

సోమవారం ఇద్దరం బస్సులో ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళాం. నేను అనవలసిన మాటలన్నీ దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను. చాలా మంచి మాటలు.

కోదండరాం గారు సన్నగా, పొడుగ్గా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. "ఏమ్మా, ఇన్నాళ్ళకా?" అన్నారు.

"ఆ ఫ్లాపీలు ఉన్నాయా సార్?"

"ఎందుకుండవు? బీరువాలోనే ఉన్నాయి."

"లోపల ఏముందో చూడాల్సిన పన్లేదు సార్. తేదీ మటుకు చూడండి."

ఆయన ఒక్కొక్కటే పెట్టి చూశారు. ఎనభై, జనవరి ఒకటి. ఐదింటికీ అదే. పుష్పవల్లి కుర్చీ వెనక కర్రను పట్టుకుని నిలబడింది. బ్యాటరీ సంగతి చెప్పింది. ఆయన మొత్తం విని తల అడ్డంగా ఊపారు.

"బ్యాటరీ పోయిందనే అనుకుందాం. కానీ ఒక్కసారి నడిపి నాలుగు కాపీలు కొట్టినా నాలుగింటికీ ఈ తేదీయే వస్తుంది కదమ్మా. కాపీకి పాత తేదీయే పడుతుంది."

నాకూ నిజమే కదా అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"గంట చూడండి సార్," అంది పుష్పవల్లి. "కాపీ అయితే గంట కూడా పాతదే పడాలి."

తేదీ పక్కనే గంటలు ఉన్నాయి. ఐదూ ఐదు రకాలు.

ఆయన ఖాళీ ఫ్లాపీ తీసి, ఒకదాన్ని స్వయంగా కాపీ చేసి చూశారు. గంట మారలేదు. మళ్ళీ ఆ ఐదింటినీ చూశారు.

"ఎందుకిలా వేరువేరుగా ఉన్నాయి?"

"స్విచ్చి వేసినప్పటి నుంచీ దాని గడియారం మొదలు గదా సార్. ఒక పొద్దు వేయంగానే నడిపినాను. కొన్ని పొద్దులు కాఫీ తాగొచ్చి నడిపినాను. ఈ ఆఖరిది బాగా లేటు. మీరు పిలిచినారు ఆ పొద్దు."

"పిలిచాను," అన్నారాయన ఆఖరి ఫ్లాపీ బయటికి తీస్తూ. "బెంగళూరు నుంచి వచ్చినాయనకు నీ పని చూపించాలని."

బంట్రోతును పిలిచి టీ చెప్పారు. "ఒకటి చక్కెర లేకుండా," అన్నారు. పుష్పవల్లి చక్కెర వేసుకోదు. అది ఆయనకు గుర్తుంది.

"కమిటీకి నేను చెప్తాను. నువ్వు మాట్లాడక్కర్లేదు. ఐదూ మళ్ళీ నడుపు. నా మిషను మీదే."

క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు. కానీ టీ వచ్చాక ఆమె కప్పు ఆయనే అందుకుని ఇచ్చారు. నేను సిద్ధం చేసుకున్న మాటలు నాతోనే తిరిగొచ్చాయి. వాటిని వాడే అవసరం పడనందుకు మొదట్లో కాస్త ఉక్రోషంగానే ఉంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని "నేను కొట్టలా తంబీ," అంది ఒకసారి. నాకు చెప్పినట్టు లేదు. బీచ్ రోడ్డు రాకముందే నిద్రపోయింది. తల కిటికీ ఊచకు కొట్టుకుంటున్నా లేవలేదు. రాయపురంలో ఆమె దిగాలి. నేను లేపలేదు. తిరువొత్తియూరు దాకా టిక్కెట్టు పొడిగించి తీసుకున్నాను. పక్కనున్న చేపల గంప ఆవిడ "ఏమి జబ్బు?" అని తమిళంలో అడిగింది. జబ్బు కాదు, తగ్గింది అన్నాను.

బుధవారం శెట్టిగారు వచ్చేసరికి పుష్పవల్లి సరైన తేదీ చేత్తో కొట్టి పెట్టింది. ఆయన తెర చూసి తృప్తిగా తలాడించి ఎంటర్ కొట్టారు. అటు ఆమె ఐదు రోజులు నడిపిన లెక్కలకు ఐదు రకాల జవాబులు వచ్చాయి. మరుసటి ఏడాది డాక్టరేటు ఇచ్చారు. గోపాలస్వామి వీధంతా లడ్లు పంచాడు. కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. ఆ బెంగళూరాయన తన దగ్గర పోస్ట్‌డాక్ పనికి, అంటే డాక్టరేటు తరవాత చేసే పరిశోధనకు, రమ్మని ఆమెకు రాశాడు. ఈసారి ఒక కణం కాదట, కణాలన్నీ కలిసి ఏం చేస్తాయో చూడాలట.

లోకంలో న్యాయం జరగదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను. ఇది ఒక్కటి మాత్రం లెక్కకు రాకుండా పక్కన ఉండిపోయింది.

సెంట్రల్ స్టేషన్లో బెంగళూరు బండి దగ్గరే ఆమెను ఆఖరిసారి చూశాను. పెట్టె లోపల పెట్టి, కిటికీలోంచి నన్ను రమ్మని సైగ చేసింది. ఏదైనా పెద్ద మాట చెప్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను.

"ఈ పొద్దు మంగళవారం గదా తంబీ? నిజం మంగళవారమే?"

"అవునక్కా."

"రేపు పొద్దున ఆడ చేరాల, వేరే దారి లేదు. ఈ పొద్దు బయల్దేరినానని శెట్టిగారితో మటుకు అనబాకు."